చిన్నపిల్లలతో హోళీ, ఉగాది, శ్రీరామనవమి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్గుణ పున్నమికి కాముణ్ని కాల్చడంతో మొదలై చైత్రంలో సీతారాముల పెళ్లితో ముగిసే ఆ మూడు నాలుగు వారాలు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఏడాది మొత్తంలో ఎక్కువ సందడి, ఎక్కువ అలసట ఉండే రోజులు. ఎండ ముదురుతుంటుంది, బడులు ఒంటిపూటకి మారతాయి, కాలనీ కమిటీ వాళ్లు చందా పుస్తకం పట్టుకుని తలుపు కొడతారు. కింది ప్రశ్నలు మా అపార్ట్‌మెంట్‌లోనూ బడి గేటు దగ్గరా కొత్త తల్లిదండ్రులు అడిగేవే. నాది జనగామ వైపు, మా ఆయనది భీమవరం దగ్గర పల్లె, ఉండేది హైదరాబాద్‌లో. పెద్దవాడు యూకేజీ, చిన్నది ఇంకా పాకుతోంది. అందుకని జవాబుల్లో రెండు వైపుల అలవాట్లూ, కాస్త నా పక్షపాతమూ ఉంటాయి.

ఈ పండగల తేదీలు ఏటా ఎందుకు మారతాయి? సెలవులు ముందే పెట్టుకోవడం ఎలా?

మన నెలలు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి. అలాంటి పన్నెండు నెలలు కలిపితే దాదాపు 354 రోజులే. ఇంగ్లీషు క్యాలెండర్‌తో పోలిస్తే ఏటా 11 రోజులు తక్కువ. ఆ తేడా పేరుకుపోకుండా మూడేళ్లలోపు ఒకసారి అధికమాసం వచ్చి సర్దుతుంది. 2025లో విశ్వావసు ఉగాది మార్చి 30న వచ్చింది. 2026లో పరాభవ ఉగాది 11 రోజులు వెనక్కి జరిగి మార్చి 19న పడింది. అదే ఏడాది అధిక జ్యేష్ఠం ఉండటంతో 2027లో ప్లవంగ ఉగాది ఏకంగా ఏప్రిల్ 7కి వెళ్లిపోతుంది.

ఉగాది తేదీ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావి లెక్కేసుకోవచ్చు. హోళీ దానికి పక్షం రోజుల ముందు, శ్రీరామనవమి ఉగాది పాడ్యమి నుంచి తొమ్మిదో తిథి. ఆఫీసులో సెలవు చీటీ ఇచ్చేముందు పంచాంగం ఒకసారి చూసుకోండి. తిథి రెండు రోజుల మీదికి పాకినప్పుడు ప్రభుత్వం ఒకరోజు, మీ ఊరి గుడి ఇంకోరోజు చేయడం మామూలే.

అన్నీ చేయాలంటే ఓపిక ఉండటం లేదు. ఏది వదిలేయొచ్చు?

ఏ పండగనీ వదలక్కర్లేదు. ప్రతి పండగనీ పిల్లల వేళకు తగ్గట్టు కుదించుకుంటే చాలు. పసిపిల్లలున్న ఇంటికి రోజంతా పండగ అక్కర్లేదు. పొద్దున ఏడు నుంచి పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా. మధ్యలో పిల్లల నిద్ర, మన నడుం వాల్చడం. ఈ లెక్కలో ఇమడని కార్యక్రమం ఎంత గొప్పదైనా ఇప్పుడు మనది కాదు. పిల్లలు కాస్త పెద్దయ్యాక చూసుకోవచ్చు. భద్రాచలం ఎక్కడికీ పోదు కదా.

ఇంకో మాట. పెద్ద క్షేత్రం కంటే వీధి చివరి పందిరి పిల్లలకి మేలు. అక్కడ వాళ్లు ప్రేక్షకులు కాదు. పానకం గ్లాసులు అందిస్తారు, అక్షింతలు వేస్తారు, గంట కొడతారు. ఎవరి పిల్లాడో అందరికీ తెలుసు.

ఏ వయసు నుంచి హోళీ ఆడించొచ్చు?

ఏడాదిలోపు పిల్లలకి రంగు ముట్టించకపోవడమే మంచిది. వాళ్ల చర్మం పలుచన, చేతులు ఎప్పుడూ నోట్లోనే. నుదుట కాస్త కుంకుమ పెట్టి ఫొటో తీసుకోండి, అయిపోతుంది. రెండేళ్లు దాటిన వాళ్లకి నీళ్లూ, తక్కువ రంగూ చాలు. వాళ్లకి కావాల్సింది నిజానికి తడవడమే!

బయటికి పంపేముందు ఒళ్లంతా కొబ్బరినూనె పట్టించి, జుట్టుకి కూడా రాసి, పాత నూలు బట్టలు నిండు చేతులవి వేయండి. గోళ్లు ముందురోజే కత్తిరించండి, లేకపోతే వాటి కింద చేరిన రంగు అన్నంతో పాటు లోపలికి పోతుంది. వెండి రంగు, ముదురాకుపచ్చ పేస్టులు, ఆయిల్ పెయింట్ లాంటివి పట్టుకొచ్చే పెద్దపిల్లల గుంపులో చిన్నవాళ్లని వదలొద్దు. "ఇవాళ ఒక్కరోజే కదా" అని ఎవరో ఒకరు అంటారు. మొహమాటపడకండి.

ఇంట్లో రంగు చేయాలంటే?

మోదుగపూలు దొరికితే ఇంకేం అక్కర్లేదు. ఫాల్గుణంలో చెట్టుకి ఆకు ఉండదు, కొమ్మ కొమ్మకీ నారింజ ఎరుపు పూలే. మా జనగామ వైపు గుట్టల దగ్గర దూరం నుంచే తెలుస్తుంది. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఒక సంచి తెమ్మనండి.

తొడిమలు తీసేసి, దోసెడు పూలని లీటరు నీళ్లలో వేసి పావుగంట మరిగించండి. పొయ్యి ఆపాక మూత పెట్టి రాత్రంతా అలాగే ఉంచండి. తెల్లారేసరికి రేకులు వెలవెలబోయి, నీళ్లు చిక్కటి కాషాయానికి తిరుగుతాయి. పాత చీరముక్కతో వడకట్టి బాటిల్లో పోసి, ఆడేటప్పుడు చన్నీళ్లు కలుపుకోండి. మా వాడికి పూలు పిసకడం హోళీ కన్నా పెద్ద హోళీ. మొగ్గ చిలకముక్కులా ఉందని ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటాడు, పని తెమలదు.

పొడిరంగు కావాలంటే బియ్యప్పిండిలో పసుపు కలపండి. బీట్‌రూట్ రసం గులాబీ రంగిస్తుంది. పసుపు మాత్రం బట్టలకి అంటితే ఓ పట్టాన వదలదు.

కంట్లో రంగు పడితే?

నలపనివ్వకండి. చేతులు గట్టిగా పట్టుకుని, మంచినీళ్లు ధారగా పోస్తూ కొన్ని నిమిషాలు కడగండి. తర్వాత కూడా కన్ను ఎర్రగా ఉన్నా, తెరవలేకపోతున్నా అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేయొద్దు.

కాముని దహనానికి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా, మంటకి దూరంగా నిలబడేటట్టయితే. తెలంగాణ ఊళ్లలో కామునిపున్నమికి ముందు పిల్లలు గుంపులుగా ఇల్లిల్లూ తిరిగి, కోలలు వేస్తూ జాజిరి పాటలు పాడి, కట్టెలూ పిడకలూ అడుక్కొచ్చేవాళ్లు. ఆ సరదా సిటీలో దాదాపు పోయింది. మా కాలనీలో పిల్లలకి తలా రెండు పిడకలిచ్చి వాళ్ల చేతే కుప్పలో వేయిస్తారు, వెలిగించేది మాత్రం పెద్దవాళ్లే. మీ దగ్గర లేకపోతే మొదలుపెట్టండి, ఖర్చేమీ ఉండదు. దగ్గర్లో లంబాడా తండా ఉంటే, అక్కడ తెలిసినవాళ్లు పిలిస్తే వెళ్లండి. వాళ్ల హోళీ ఆటపాటలు చూసి తీరాలి.

పొగ పడని పిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు దూరం నుంచే చూడాలి.

ఉగాది పచ్చడి పసిపిల్లలకి పెట్టొచ్చా?

ఆరు నెలలలోపు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు, మంచినీళ్లు కూడా. ఏడాదిలోపు పిల్లలకి ఉప్పూ బెల్లమూ అలవాటు చేయొద్దని డాక్టర్లు చెబుతారు. అత్తగారు "నాలిక్కి రాస్తే ఏమవుతుందమ్మా" అంటే, ఆరు నెలలు దాటిన పిల్లకైతే వేలికొసకి అంటినంత రాసి ఊరుకోవచ్చు, దానికి యుద్ధం అక్కర్లేదు. కానీ పచ్చట్లో తేనె కలిపే అలవాటుంటే ఏడాదిలోపు పిల్లకి ఆ వేలికొస కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసివాళ్లకి ప్రమాదం.

పుట్నాలు, పల్లీలు, చెరకు ముక్కలు వేసిన పచ్చడి నాలుగైదేళ్లలోపు పిల్లలకి గొంతులో అడ్డం పడొచ్చు. వాళ్లకి వడకట్టి ఇవ్వండి, లేదా ముక్కలు తీసేయండి.

అసలు పచ్చడి ఎలా చేయాలి? మా అమ్మ ఒకలా, అత్తగారు ఒకలా చెబుతున్నారు.

మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ కొత్త కుండలో పల్చగా చేస్తుంది, గ్లాసులో పోసుకుని తాగాలి. అరటిపండు, పుట్నాలు, కొబ్బరి ముక్కలు కూడా పడతాయి. మా అత్తయ్య గిన్నెలో చిక్కగా చేస్తుంది, చెంచాతో తినాలి. అరటిపండు వేస్తే "అది పచ్చడా, ప్రసాదమా" అంటుంది. ఇద్దరూ ఒకే రోజు మా ఇంట్లో ఉంటే రెండూ చేస్తాం, పిల్లలు ఏది తాగితే అది.

ఆరు రుచులు ఉండాలన్నదే ముఖ్యం. నిమ్మకాయంత కొత్త చింతపండు రెండు కప్పుల నీళ్లలో నానబెట్టి పిసికి వడకట్టండి. అరకప్పు బెల్లం తురుము విడిగా కాసిని నీళ్లలో కరిగించి దాన్నీ వడకట్టండి, లేకపోతే ఇసుక పళ్ల కింద పడుతుంది. రెండూ కలిపి, చిన్న మామిడికాయని తొక్కతో సహా సన్నగా తరిగి వేయండి. వగరు ఆ తొక్కలోనే ఉంటుంది. చిటికెడు ఉప్పు, కాస్త మిరియాల పొడి. వేపపువ్వు చివర్లో, నైవేద్యం పెట్టేముందు ఒక చెంచా. ముందే వేస్తే అంతా చేదెక్కి పిల్లలు దగ్గరికి కూడా రారు.

వేపపువ్వు దొరకలేదు. మానేయాలా?

ఉగాది మార్చి మధ్యలో వచ్చిన ఏడు ఈ ఇబ్బంది ఉంటుంది, కొన్నిచోట్ల చెట్లు అప్పటికి ఇంకా మొగ్గమీదే ఉంటాయి. పైగా 2021 నుంచి తెలంగాణలో ఫంగస్ తెగులుతో వేపచెట్ల కొమ్మలు ఎండిపోవడం చాలామంది చూసే ఉంటారు. అలాంటి చెట్టు చాలావరకు మళ్లీ చిగురిస్తుంది, కొట్టేయకండి.

పండగ ముందురోజు మార్కెట్లో కట్టలుగా అమ్ముతారు, పిడికెడు పువ్వుకి చెప్పే ధర వింటే నవ్వొస్తుంది. పువ్వు లేకపోతే లేత వేపచిగురు రెండు ఆకులు నలిపి వేసినా చేదు వస్తుంది. కిందటేడు పువ్వు నీడన ఎండబెట్టి దాచుకుంటే అదీ పనికొస్తుంది. మిగిలిన పువ్వుని నేతిలో వేయించి చారులో వేసుకోవచ్చు.

కోసేటప్పుడు పాత గుడ్డ పరిచి రెమ్మ దులపండి. పిల్లల్ని గుడ్డ నాలుగు మూలలూ పట్టుకోమంటే గాలికి ఎగిరిన పువ్వంతా వాళ్ల నెత్తిన పడి కిచకిచ నవ్వుతారు.

పండగ పొద్దున పిల్లలు కాళ్లకడ్డం పడుతున్నారు. వాళ్లని ఎలా ఆపాలి?

ఆపడం కాదు, పని చెప్పండి. మామిడాకులు పురికొసకి గుచ్చడం ఐదేళ్లవాడు చేయగలడు. సూది బదులు ఆకు తొడిమని మడిచి ఈనెపుల్లతో గుచ్చితే సరి. రెండేళ్ల పిల్లకి బంతిపూల రేకులు విడదీసే పని ఇవ్వండి. గడపకి పసుపు రాయడం కూడా వాళ్లకే. గోడకి కూడా రాస్తారు. రాయనీండి.

శ్రీరామనవమికి ఇంతకన్నా మంచి పని ఉంది. రాజమండ్రి దగ్గరి కోరుకొండ నుంచి ఏటా భద్రాద్రి కల్యాణానికి గోటి తలంబ్రాలు వెళతాయి. దంచకుండా, మరపట్టకుండా వడ్లని ఒక్కొక్కటిగా గోటితో ఒలిచిన బియ్యం అవి. ఊరి నుంచి గుప్పెడు వడ్లు తెప్పించి పిల్లవాడి ముందు పెట్టి ఇరవై గింజలు ఒలవమనండి. గింజ కొనని గోటితో నొక్కాలి, పొట్టు రెండుగా విచ్చుకుంటుంది, లోపలి బియ్యపు గింజ విరగకుండా రావాలి. మా వాడు మొదటి గింజలన్నీ నుజ్జు చేశాడు, తర్వాత పట్టు దొరికింది. నాలిక బయటపెట్టి, అరగంటసేపు కదలకుండా కూర్చున్నాడు. అలా ఒలిచినవి పసుపూ నెయ్యీ కలిపి, కాలనీ కల్యాణానికి వాడి చేత్తోనే ఇప్పించాం.

పంచాంగ శ్రవణానికి పిల్లల్ని కూర్చోబెట్టడం ఎలా?

కష్టమే. పూర్తిగా వినాల్సిన పని లేదు. వాళ్ల రాశి వచ్చేదాకా ఉండి, ఆదాయం వ్యయం, రాజపూజ్యం అవమానం అంకెలు విని వచ్చేయండి. మావాళ్లకి అదే ఆట: ఎవరికి అవమానం ఎక్కువొస్తే వాళ్లు ఆ రోజు అందరి చెప్పులూ సర్దాలి. అరవై సంవత్సరాల పేర్లు వరసగా చెప్పించడం తాతయ్యల పని. వాళ్లకి వదిలేయండి.

ఉగాది ఎవరింట్లో? మా ఇద్దరి అమ్మానాన్నలూ పిలుస్తున్నారు.

ఉగాది ఒకరింట్లో, నవమి ఇంకొకరింట్లో అనుకోండి. వచ్చే ఏడు తిప్పేయండి. ఒకేరోజు రెండిళ్లకీ పరుగెత్తే ప్లాన్ మాత్రం పెట్టుకోవద్దు. పిల్ల కారులో వాంతి చేసుకుంటుంది, రెండిళ్లలోనూ "ఇలా వచ్చి అలా వెళ్లారు" అన్న మాటే మిగులుతుంది. మా ఇంట్లో ఈ పద్ధతి వల్ల ఉగాదికి బొబ్బట్లు భీమవరం వైపు, నవమికి పానకం జనగామలో. మరుసటేడు తిరగేసి.

భద్రాచలం కల్యాణానికి చంటిపిల్లతో వెళ్లొచ్చా?

నా సలహా అయితే నవమి రోజున వద్దు. కల్యాణం మిథిలా స్టేడియంలో మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో జరుగుతుంది. అంటే సరిగ్గా ఎండ నడినెత్తిన ఉన్న పన్నెండు గంటలకి. కూర్చోడానికి చోటు కావాలంటే పొద్దున్నే చేరాలి, ఒకసారి లోపలికి వెళ్లాక నీళ్లకో, డైపర్ మార్చడానికో బయటికి రావడం తేలిక కాదు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. ముత్యాల తలంబ్రాలు కావాలంటే ఈ మధ్య ఏళ్లలో ఆర్టీసీ కార్గో ద్వారా ఇంటికి తెప్పించుకునే ఏర్పాటు చేస్తున్నారు.

వెళ్లాలనే ఉంటే నవమి అయిన వారం పది రోజులకి వెళ్లండి. గోదావరి ఒడ్డున సాయంత్రం హాయిగా ఉంటుంది, పర్ణశాల కూడా చూడొచ్చు. రైల్లో వెళ్లేవాళ్లు ఒక సంగతి గమనించాలి. భద్రాచలం రోడ్ అన్న స్టేషన్ ఉండేది కొత్తగూడెంలో. అక్కడినుంచి గుడికి ఇంకో 40 కిలోమీటర్లు బస్సులోనో కారులోనో వెళ్లాలి.

హోళీకీ నవమికీ ఉన్న లింకు పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది: భద్రాద్రిలో తలంబ్రాలు కలపడం మొదలుపెట్టేది హోళీ పున్నమినాడే. అందులో గులాల్ కూడా కలుపుతారు. తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీగా ముత్యాల తలంబ్రాలూ పట్టువస్త్రాలూ ఇప్పటికీ ప్రభుత్వం తరఫునే వస్తాయి.

పగలు ఎండకి భయం. రాత్రి జరిగే కల్యాణం ఎక్కడైనా ఉందా?

ఒంటిమిట్ట ఉంది. కడప నుంచి రాజంపేట వెళ్లే దారిలో, పాతిక కిలోమీటర్లు. ఇక్కడ కోదండరాముడి కల్యాణం నవమి నాడు కాదు, ఆ తర్వాత పున్నమి దగ్గర్లో, రాత్రిపూట పండువెన్నెల్లో చేస్తారు. 2025లో ఏప్రిల్ 11న జరిగింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలు ఇక్కడికే వస్తున్నాయి, 2015 నుంచి గుడి టీటీడీ చూసుకుంటోంది. గర్భగుడిలో రాముడి దగ్గర హనుమంతుడు లేకపోవడం పిల్లలు వెంటనే పట్టేస్తారు. హనుమంతుణ్ని కలవకముందు వెలసిన రాముడని అక్కడివాళ్లు చెబుతారు.

జనం ఇక్కడా ఎక్కువే. కాకపోతే ఎండ బాధ లేదు, పిల్ల ఒళ్లో నిద్రపోయినా ఇబ్బంది లేదు.

ఉగాదికి శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం.

పసివాళ్లతో అయితే ఇంకో వారానికి మార్చుకోండి. ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు నల్లమల అడవి గుండా కాలినడకన శ్రీశైలం చేరతారు. గదులు దొరకవు, క్యూలు గంటల తరబడి.

కాలనీలో నవమి పందిరి వేస్తున్నాం. పిల్లల కోసం ఏం చూసుకోవాలి?

ముందు నీడ. పైన కొబ్బరిమట్టలో తాటాకులో పరిస్తే చల్లగా ఉంటుంది. షామియానా కింద పన్నెండింటికి ఉక్కపోతే. బరకం మీద నీళ్లు చల్లించి చాపలు వేస్తే పాకే పిల్లలకి కాళ్లు కాలవు. చెప్పుల దగ్గరా, వంట పొయ్యిల దగ్గరా ఒక మనిషి ఉండాలి. పాలిచ్చే తల్లులకి ఒక మూల చీర అడ్డం కట్టి, ఒక ఫ్యాన్, రెండు కుర్చీలు వేయండి. దీన్ని ఏ కమిటీ మగవాళ్లూ తమంతట తాము గుర్తుచేసుకోరు, మీరే అడగాలి.

గోదావరి జిల్లాల్లో, కృష్ణా గుంటూరు వైపు నవమి పందిరంటే రోజుల తరబడి హరికథలు, బుర్రకథలు, రాత్రంతా పద్యనాటకాలు. మా మామయ్య చిన్నప్పుడు నాటకం చూస్తూ పందిట్లోనే నిద్రపోతే తెల్లారి ఇంటికి మోసుకొచ్చేవారట. ఇప్పుడు రాత్రి అంత పొద్దుపోయేదాకా ఎవరూ ఉండరు. ఓ గంట బుర్రకథ పెట్టించగలిగితే పెట్టించండి. డీజే కంటే ఖర్చు ఎక్కువేం కాదు.

పందిట్లో ఇచ్చే పానకం, వడపప్పు పిల్లలకి ఇవ్వొచ్చా?

నీళ్లు ఎక్కడివో అడిగి ఇవ్వండి. కాచిన నీళ్లో, క్యాన్ నీళ్లో అయితే ఫరవాలేదు. ఐసు గడ్డలు వేస్తే వద్దు. ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికీ తెలియదు.

ఇంట్లో చేసుకోవడం చిటికెలో పని. లీటరు నీళ్లకి 150 నుంచి 200 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, యాలకుల పొడి, కొద్దిగా శొంఠి. పిల్లలకి మిరియం సగానికి తగ్గించండి. వడపప్పు అంటే నానబెట్టిన పెసరపప్పే కాబట్టి, గంట నానాక నీళ్లు వంచేసి మామిడి తురుము, కొబ్బరి, ఉప్పు కలపండి. పచ్చిమిర్చి పెద్దల గిన్నెలో మాత్రమే. ఎండలో గంటల తరబడి ఉన్న వడపప్పు జిగురు వచ్చిందంటే పారేయండి.

మైకుల మోతకి పాప నిద్రపోవడం లేదు, ఉలిక్కిపడుతోంది.

సౌండు పెట్టెకి ఎదురుగా కూర్చోకపోవడం మొదటి పని. మోత తగ్గించడానికి పసిపిల్లల చెవులకి పెట్టే ఇయర్ మఫ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, దూది పెద్దగా పనిచేయదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకులు పెట్టకూడదని నిబంధన ఉంది. ముందు కమిటీ పెద్దాయనకి "అన్నా, పాప పడుకోవడం లేదు, కాస్త తగ్గించండి" అని చెప్పండి, చాలాసార్లు వింటారు. వినకపోతే 112.

జనంలో పిల్లాడు తప్పిపోతే?

ముందే చేయాల్సింది: ముంజేతి మీద బాల్ పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాసి, పైన పారదర్శకమైన టేప్ అంటించండి. చెమటకి పోదు. బయల్దేరేముందు వాడి ఫొటో ఒకటి తీయండి, ఆ రోజు వేసుకున్న చొక్కాతో. మూడేళ్లు దాటినవాడికి అమ్మానాన్నల అసలు పేర్లు నేర్పండి. మైకులో "మా అమ్మ పేరు అమ్మ" అని చెప్పే పిల్లల్ని నవమి పందిట్లో ఏటా వింటూనే ఉంటాం.

తప్పిపోయాక మైకు దగ్గరికే పరుగెత్తండి, ఒకరు విడిచిన చోటే ఉండాలి. 112కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ చేయండి. హైదరాబాద్‌లో శోభాయాత్ర దారి, అంటే సీతారాంబాగ్ నుంచి కోఠి వైపు, ఆ రోజు చంటిపిల్లలతో వెళ్లే చోటు కాదు. ట్రాఫిక్ మళ్లింపులు చూసుకుని వేరే దారి పట్టండి.

చందా ఎంతివ్వాలి?

ఇవ్వగలిగినంత. పక్క ఫ్లాటు వాళ్లు రాసిన అంకె చూపించి ఒత్తిడి చేస్తే నవ్వేసి ఊరుకోండి. డబ్బు తక్కువిచ్చినా పని పంచుకునే ఇంటిని కమిటీ వదులుకోదు. బెల్లం ఐదు కిలోలు మాదే అనో, పిల్లల పాటల పోటీ మేం చూసుకుంటామనో చెప్పండి.

మా పక్కింటివాళ్లు ముస్లింలు, ఎదురింటివాళ్లు క్రిస్టియన్లు. వాళ్ల పిల్లల్ని పిలవొచ్చా?

పిల్లలు పిలవకముందే వచ్చేస్తారు. 2025లో ఉగాది మర్నాడే రంజాన్ వచ్చింది. మా మెట్ల మీద బొబ్బట్లు పైకి, షీర్ ఖుర్మా కిందికి తిరుగుతూనే ఉన్నాయి. ఉపవాసాల రోజుల్లో అయితే పచ్చడి గిన్నె మధ్యాహ్నం కాకుండా పొద్దుగూకాక పంపండి. పిల్లలు ఎలాగూ తినేస్తారు గానీ పెద్దవాళ్ల కోసం. మట్టలాదివారం, ఈస్టర్ కూడా ఈ రోజుల్లోనే, పిల్లలు గుడ్డు పంచుకోవడానికి వెళతారు. దేవునికడప వేంకటేశ్వరుడి గుడికి ఉగాది నాడు ముస్లింలు కుటుంబాలతో వచ్చి కొబ్బరికాయ కొడతారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం.

మేం బయట ఉంటున్నాం. అక్కడ ఎలా?

బెంగళూరులో అయితే ఇబ్బందే లేదు, అదే రోజు వాళ్లకీ యుగాది, వేపా బెల్లం పంచుతారు. పుణెలో గుడిపాడ్వా. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు కూడా. అమెరికాలో తెలుగు సంఘాలు పండగ తర్వాత వచ్చే శనివారమో ఆదివారమో ఏదో స్కూలు ఆడిటోరియంలో చేస్తాయి. పిల్లల డాన్సులతో రాత్రి పదకొండవుతుంది, మీ పాప ఐటెం అవ్వగానే భోజనం చేసి వచ్చేయండి. అసలు రోజు పొద్దున బడికి పంపేముందు ఒక చెంచా పచ్చడి, కొత్త గౌను. వేపపువ్వు ఎండుది ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది. మామిడాకులు లేకపోతే పిల్లల చేత కాగితం మీద గీయించి కత్తిరించి కట్టండి.

ఎండదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది?

పిల్ల మూత్రం తక్కువగా, ముదురుగా పోతుంటే, నోరు ఎండిపోతుంటే, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతుంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. నీడకి తీసుకెళ్లి ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టండి, ఆరు నెలలలోపైతే మాటిమాటికీ పాలివ్వండి. ఒళ్లు కాలిపోతూ మగతగా ఉంటే, లేపినా లేవకపోతే తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి, ఇంటి వైద్యాలు వద్దు. పండగ సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, నూలు టోపీ, చిన్న తువ్వాలు ఎప్పుడూ ఉంచండి.

2027కి ఇప్పటినుంచే ఏమైనా చూసుకోవాలా?

ఉగాది ఏప్రిల్ 7, బుధవారం. నవమి ఆ మరుసటి వారంలో. అప్పటికి వేపపువ్వు, మామిడికాయ పుష్కలంగా ఉంటాయి, ఎండ కూడా పుష్కలంగానే ఉంటుంది. పిల్లల పరీక్షలు ఆ రోజుల్లోనే పడే అవకాశం ఉంది కాబట్టి బడి టైంటేబుల్ వచ్చాకే ఊరి టికెట్లు బుక్ చేసుకోండి. మీ కాలనీ పందిరి పొద్దున చేస్తారా, సాయంత్రమా అన్నది కమిటీ మొదటి మీటింగ్‌లోనే తేల్చేస్తారు. సాయంత్రం కావాలంటే ఆ మీటింగ్‌కి వెళ్లి గట్టిగా అడగండి.